పుంగనూరు కెటిల్

గురువారం పొద్దున అమరావతి దోసెలోకి మామిడికాయ ఊరగాయ వేసుకుంది.

అదేం విశేషమని ఎవరైనా అడగవచ్చు. మదనపల్లెలో ఊరగాయ జాడీ లేని ఇల్లు ఏది? కానీ ఈ ఇంట్లో మాత్రం ఆ పూట ఎవరి దోసె ముక్క వాళ్ళ చేతిలోనే ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా, ఆదివారాలు తప్పిస్తే, ఆమె నోట్లో కారం పడలేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి తగల్లేదు. తలలో మల్లెపూలు పెట్టలేదు, ముఖానికి పౌడరు రాయలేదు. టీ రుచి చూసి దాని విలువ తేల్చే మనిషికి నాలుకా ముక్కూ పూజగదిలా ఉండాలని ఆమె పట్టు.

ఇవాళ కంచంలో ఊరగాయ ఉంది. జడలో మూరెడు మల్లెలు ఉన్నాయి.

“ఏందత్తా ఇది?” అంది కోడలు మాధవి.

“ఏముండాది? తినబుద్ధయింది, తింటాండా.”

“ఈ పొద్దు గురువారం.”

“తెలుసు. నాలిక పోయినోళ్ళకి గురువారమేంది, ఆదివారమేంది?”

కొడుకు జయచంద్ర తల దించుకున్నాడు. ఆ మాట మొదట అన్నవాడు అతనే. నిన్న సాయంత్రం కోపంలో అన్నాడు. రాత్రంతా దిండు మీద తల అటూ ఇటూ దొర్లించాడు కూడా. కానీ నోరు జారిన మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

హాల్లో గోడకు ఆనించి మూడు టీపొడి మూటలు ఉన్నాయి. నిన్న పుంగనూరు నుంచి తిరిగొచ్చినవి. అక్కడి పన్నెండు టీ అంగళ్ళవాళ్ళు ఒకే మాట చెప్పి పంపారు. టీ చప్పగా ఉంది, పాలు పోస్తే బూడిద రంగు తిరుగుతోంది, గిరాకీలు సగం తాగి గ్లాసు పెట్టి పోతున్నారు. ఇన్నేళ్ళలో ఆ ఇంటి గడప దాటిన మూట వెనక్కి రావడం ఇదే మొదటిసారి.

“నేనేమన్నానమ్మా?” అన్నాడు జయచంద్ర. “ముప్పై ఏండ్లు కష్టపడినావు, ఇంక రెస్టు తీసుకో అన్నా. అంతేగదా.”

“ముసలెద్దుకి కూడా అదే సెప్తారు నాయనా.”

“అట్ల మాట్లాడితే ఎట్లమ్మా? బెంగళూరు కంపెనీ ఆయన రేపు పదికి కాగితాలు తీసుకొని వస్తాడు. వాళ్ళే కలుపుతారు, వాళ్ళే పాకెట్లు సేస్తారు. మనం అమ్మిపెడితే సాలు. ఎల్లుండి కుప్పానికి వ్యాను పోవాల. పుంగనూరు మాట కుప్పం దాకా పోయిందంటే ఆడ కూడా మన మూటలు తిరగొస్తాయి.”

“సంతకం పెట్టు. నేనేమీ వద్దనలేదే?”

“నేను వద్దంటాండా,” అంది మాధవి. దోసెగరిటె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. “వాళ్ళ పాకెట్లు ఈ ఇంటికొస్తే కిటికీ కాడ అత్త కూర్చునే కుర్చీ ఏమయితాది? అటక మీదికి ఎక్కిస్తారా?”

“కుర్చీ కోసం అంగడి మూసుకోమంటావా?”

“ఒక్కసారి మూటలు తిరిగొచ్చినాయని మనిషినే వద్దంటారా? కూనూరు టీ వేలంలో పెద్ద పెద్ద ఆఫీసులోళ్ళు కూడా అత్త మాట విని కొనే మూటల లాటు మార్చినారు. నీకు మాత్రం పెరటిచెట్టు మందుకి పనికిరాలేదు.”

“మాధవీ!”

“అరిస్తే ఏం లాభం?”

ఇంత రభస జరుగుతున్నా నోరు మెదపని మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన అమరావతి భర్త వరదరాజులు, ఈ టీ వ్యాపారానికి యజమాని. బుద్ధెరిగినప్పటి నుంచీ టీ చుక్క ముట్టని మనిషి. పొద్దునా సాయంత్రమూ లోటాలో కాఫీ పడాల్సిందే. ఊళ్ళో ఎవరైనా ఎగతాళి చేస్తే, “ఇంట్లో ఒకరు తాగితే సాలదా?” అని నవ్వేస్తాడు. ఇవాళ నవ్వలేదు. కాఫీ చల్లారిపోయినా తాగలేదు.

“నువ్వేమంటావు?” అంది అమరావతి, ఆయన వైపు చూడకుండా.

వరదరాజులు లోటా కింద పెట్టాడు. “నీ ఆరోగ్యం ముఖ్యం,” అన్నాడు. లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

అమరావతి ఊరగాయ టెంకను కంచం అంచున పెట్టి, ఆయన పోయిన వైపే కాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు కారానికి వచ్చినవని ఎవరైనా అనుకోవచ్చు. నేను అనుకోను.

ఎందుకంటే ఆమెకు ఆ కుర్చీ వేసిందే వరదరాజులు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట కూనూరు నుంచి మూటలు దిగాయి. వంటింట్లో టీ కాస్తున్న కొత్త ఇల్లాలు గ్లాసు వాసన చూసి, “లారీలో ఈ మూట పక్కన జీలకర్ర మూట పెట్టుండారు” అంది. అందరూ నవ్వారు. లారీ డ్రైవరు మాత్రం నవ్వలేదు. నిజమేనని ఒప్పుకున్నాడు. మర్నాడే వరదరాజులు ఉత్తరపు కిటికీ పక్కన కడపరాయి బండ వేయించి, దాని ముందు ఒక కుర్చీ పెట్టి, “ఇంక ఈ అంగడికి నోరు నీదే” అన్నాడు.

అప్పటి నుంచి వేలానికి ముందు వచ్చే శాంపిల్ పొట్లాలన్నీ ఆ బండ మీదే విప్పుతారు. ఫ్యాక్టరీలో టీని జల్లెడ పట్టి, పెద్ద పలుకు, చిన్న పలుకు, డస్టు అని వేరు చేసి పేర్లు రాస్తారు. అవి పలుకు సైజును చెప్పే పేర్లే. లోపలి సత్తువ సంగతి జల్లెడకు తెలియదు. అది తెలియాలంటే నాలుక కావాలి. అమరావతి ఒక్కో పొట్లం రుచి చూసి, ఎంత దాకా పాడవచ్చో చీటీ మీద రాస్తే, కూనూరులో వాళ్ళ ఏజెంటు కళ్ళు మూసుకుని అంత దాకా పాడేవాడు.

మాధవికి చేతులు ఊరికే ఉండలేదు. కిటికీ గదిలోకి వెళ్ళి కెటిళ్ళు కడగడం మొదలుపెట్టింది. మూడు కెటిళ్ళు. మూతల మీద పెయింటుతో మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని రాసి ఉంటుంది. కూనూరు పొడిలో అస్సాం పొడి కలిపాక, ఏ ఊరికి పంపే పొడిని ఆ ఊరి నీళ్ళతోనే కాచి రుచి చూడాలన్నది అమరావతి పెట్టిన నియమం. కుప్పం నీళ్ళను వ్యాను డ్రైవరు లోకేష్ తెస్తాడు. పుంగనూరు నీళ్ళు వరదరాజులే సోమవారం సోమవారం బస్సులో పోయి రెండు క్యాన్లలో పట్టుకొస్తాడు.

మూడు కెటిళ్ళూ లోపల తళతళలాడుతున్నాయి. కడగడానికి ఏమీ లేదు. మాధవి వాటిని బోర్లించి వచ్చి అత్త ముందు నిలబడింది.

“పుంగనూరు పోదాం రా అత్తా.”

“యాల? నలుగురిలో తల దించుకునేదానికా?”

“ఆ అంగట్లో టీ నువ్వు తాగినావా?”

“లేదు.”

“తాగకుండానే నాలిక పోయిందని తీర్పు సెప్పేసినావే? లాటు రుచి సూడకుండా చీటీ రాయగూడదని నాకు నేర్పింది ఎవురు?”

నేర్పిన పాఠం ఎదురు తిరిగితే గురువుకు ఇబ్బందే. అమరావతి లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

*

పుంగనూరు బస్టాండు దగ్గర మునిచంద్ర టీ అంగడి. బాయిలర్ ముందు నిలబడ్డవాడు అమరావతిని చూసి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మీరే వచ్చినారా అమ్మా? ఒక్క ఫోన్ సేసుంటే నేనే వస్తును గదా.”

“మూటలు పంపినోడివి, నువ్వెట్ల వస్తావప్పా?”

మునిచంద్ర ముఖం చిన్నబోయింది. “తప్పుగా అనుకోవద్దండమ్మా. ఇరవై రెండేండ్లు మీ పొడే వాడినా. నా కూతురి పెండ్లి సేసింది ఆ టీ మీదనే. మొదట్లో పాలు బాగలేవనుకుని పాలు మార్చినా. ఆమీట సక్కెర మార్చినా. నెలన్నర ఎవురికీ సెప్పుకోలేదు. గిరాకీలు ఎదురంగడికి పోతాంటే ఇంక నావల్ల కాలేదు.”

“నెలన్నర ఓర్చుకున్నావా?”

“మీ నాలికని తప్పు పట్టేదానికి నాకు నోరు రాలేదమ్మా.”

అమరావతి బెంచీ మీద కూర్చుంది. “నేను పంపిన పొడితోనే ఒక టీ పెట్టప్పా. పాలు వేరే ఇయ్యి.”

టీ వచ్చింది. ఆమె గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది, వాసన చూసింది, తాగకుండా కింద పెట్టింది.

“నేను తాగను. ఊరగాయ తిన్న నోరు. ఈ నోటితో బాగుందన్నా అబద్ధమే, బాగలేదన్నా అబద్ధమే. మాధవీ, నువ్వు తాగు.”

అంత దూరం వచ్చి, తన పరువు ఆ గ్లాసులో ఉండగా కూడా, మైలపడిన నాలుకతో తీర్పు చెప్పనందా మనిషి. అందుకే ఆమెను చూస్తే నాకు గౌరవం.

మాధవి గ్లాసు అందుకుంది. జుర్రుమని గాలితో పాటు లోపలికి లాగి, నోరంతా తిప్పి, పక్కన కాలువలో ఉమ్మింది. నాలుగేళ్ళుగా నేర్చుకున్న పని. బెంచీ మీద కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి తన గ్లాసు దూరం జరుపుకున్నాడు.

“లేవలేదత్తా. పడుకోనుండాది. వట్టి నలుపే గానీ నాలికని గిల్లలేదు.”

“మునిచంద్ర సెప్పింది నిజమే, అయితే.”

“నిజమే. కానీ ఇదే పొడి పంపేముందు మన కిటికీ కాడ నేనూ తాగినా గదా? ఆ పొద్దు ఎంత సురుగ్గా ఉండింది! ఈసారి కూనూరు ఆకు శానా లేచి ఉండాదని, అస్సాం పొడి పావు వంతు యాల, అందులో సగం సాలని నువ్వు సెప్తే నేనూ అవునన్నా. నీ నాలిక పోయుంటే నా నాలిక కూడా పోయుండాల.”

“అంటే?”

“ఆడ తాగిన టీ వేరే, ఈడ తాగతాండే టీ వేరే. పొడి ఒకటే. మరి ఏం మారింది?”

మునిచంద్ర ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నీళ్ళు తగ్గిన బాయిలర్ నింపడానికి దాని మూత తీశాడు. మాధవి తొంగి చూసింది. లోపల గోడల నిండా సున్నం కొట్టినట్టు తెల్లటి పొర, వేలెడు మందాన పేరుకుని ఉంది.

“ఏందన్నా ఇది?”

“ఈ ఊరి బోరు నీళ్ళమ్మా. ఉప్పు. నెలకోసారి సుత్తితో కొట్టి పగలగొట్టాల్సిందే.”

మాధవికి ఇంట్లో పుంగనూరు కెటిల్ కళ్ళ ముందు కనబడింది. పెళ్ళైన కొత్తలో అత్తగారింట్లో ఆమెకు అన్నిటికంటే విసుగు పుట్టించిన పని అదే. వారం వారం దాంట్లో చింతపండు నానబెట్టి, ఆ తెల్ల పొరను గోకి గోకి తోమడం.

“అత్తా, మూడు నెల్లుగా నేను సింతపండు ముట్టుకోలేదు. కెటిల్ దానంతట అదే శుభ్రంగా ఉండాది. పని తప్పింది గదా అని సంతోషపడినానే గానీ, యాల అని ఆలోచించలేదు.”

అమరావతి లేచి బాయిలర్ దగ్గరకు వచ్చింది. ఆ తెల్ల పొరను వేలితో తడిమి చూసింది.

“మునిచంద్రా, మా ఇంటాయన సోమవారం ఈడికి వస్తాండాడా?”

“తప్పకుండా వస్తాండాడమ్మా. నా కొళాయి కిందనే క్యాన్లు పెడతాడు. మొన్న కూడా రెండూ నింపి నేనే బస్సెక్కించినా.”

నీళ్ళు పుంగనూరు నుంచి బయల్దేరుతున్నాయి. ఇంట్లో ఉన్న పుంగనూరు కెటిల్‌లోకి చేరడం లేదు. మధ్యలో ఉన్నది ఒక్క మనిషే. అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

“ఈ సీసాలో నీళ్ళు పట్టియ్యప్పా,” అంది అమరావతి.

బస్సులో దారి పొడుగునా ఆమె సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మదనపల్లె దగ్గర పడుతుండగా జడలోంచి మల్లెలు తీసి కండక్టరమ్మ చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం చప్పటి పెరుగన్నం తిన్నది. భర్తను ఏమీ అడగలేదు. ఆ మౌనానికి వరదరాజులుకు కాఫీ కూడా సయించలేదు.

*

శుక్రవారం ఎనిమిదిన్నరకల్లా ఉత్తరపు కిటికీ రెక్కలు తెరుచుకున్నాయి. ఎండ పడని తెల్లటి వెలుగు బండ మీద పరుచుకుంది. అమరావతి అందరినీ పిలిచింది.

“రెండు కప్పులు. ఒకటే పొడి, తిరిగొచ్చిన మూటలోది. మాధవీ, తూకం సెప్పు.”

“ఇది రెండున్నర గ్రాములు. ఇదీ అంతే.”

“ఈ కెటిల్‌లో మనింట్లో పుంగనూరు క్యాను నీళ్ళు. దీంట్లో నిన్న నేను తెచ్చిన సీసా నీళ్ళు.”

నీళ్ళు మరిగాయి, పోశారు, మూతలు పెట్టారు. ఐదు నిమిషాలు గడియారం వైపు చూడటం తప్ప ఎవరికీ పని లేదు. వరదరాజులు తలుపు దగ్గర నిలబడ్డాడు. గదిలోకి రావడం లేదు, పోవడం లేదు. తేలు కుట్టిన దొంగ ముఖం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ ఐదు నిమిషాల్లో ఆయన్ని చూడాలి.

మూతలు తీసి టీ వంచగానే జయచంద్ర ముందుకు వంగాడు. క్యాను నీళ్ళ కప్పులో ఎర్రగా, అంచున బంగారు మెరుపుతో టీ. సీసా నీళ్ళ కప్పులో మసక నలుపు, పైన నూనె తేలినట్టు సన్నటి పొర.

“ఇవి రెండూ ఒకటే పొడా అమ్మా?”

“ఒకటే.”

“మరి క్యానులో ఉండేది యా నీళ్ళు?”

“మీ నాయనని అడుగు.”

ఎవరూ అడగలేదు. అందరూ తలుపు వైపు చూశారు. వరదరాజులు వీధి వైపు చెయ్యి చూపించాడు.

“ఫిల్టరు నీళ్ళు. మన వీధి చివర అమ్ముతారే, ఆడ పట్టినవి.”

“పుంగనూరు నుంచి తెచ్చిన నీళ్ళు?”

“కరివేపాకు చెట్టుకి పోసేస్తాండా.”

మాధవికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “అయ్యో మామా! ఆ చెట్టు ఆకులు పండిపోతాంటే తెగులనుకుని నేను బూడిద సల్లతాండా!”

“యాల సేసినావు ఈ పని?” అంది అమరావతి.

“ఉగాది ముందర నీకు కిడ్నీలో రాయి వచ్చింది. రెండు దినాలు ఆసుపత్రిలో మంచం పట్టుకొని అరిసినావు. ఉప్పునీళ్ళు సుక్క తాగగూడదని డాక్టరు సెప్పినాడు. నువ్విన్నావా?”

“నేను తాగతానా? రుచి సూసి ఉమ్మేస్తా గదా. ఉమ్మేసే నీళ్ళకి రాయి యాడొస్తాది?”

“నువ్వు ఉమ్మవు, అమరా.”

ఆమె కప్పు మూత తీసి పక్కకు జరిపింది.

“మదనపల్లె కప్పు ఉమ్ముతావు. కుప్పం కప్పు ఉమ్ముతావు. పుంగనూరు కప్పు మాత్రం మింగుతావు. ఎవురూ సూడనప్పుడు మింగుతావు. నేను సూసినా. ఒక్కోనాడు పది, పదకొండు గుటకలు.”

జయచంద్ర తల్లి వైపు చూశాడు. ఆమె చూపులు బండ మీదికి దిగాయి.

“ఆ నీళ్ళ టీ గొంతు దిగితే గానీ తెలీదు,” అంది మెల్లగా. “నోట్లో ఉన్నంతసేపు ఉప్పు కప్పేస్తాది. గొంతు దిగినాకనే దాని సత్తువ ఎంతో తెలిసేది.”

“నాకవన్నీ తెలీవు. నీళ్ళు మార్చినాక నీకు మళ్ళీ నొప్పి రాలేదు. నాకు అదొక్కటే తెలుసు.”

“సరే నాయనా, మూటలు తిరిగొచ్చినప్పుడన్నా సెప్పుండచ్చు గదా?” అన్నాడు జయచంద్ర. “నేను అమ్మని అంత మాట అంటాంటే ఈడనే కూర్చోనుండావే!”

వరదరాజులు కొడుకుతో కాదు, భార్యతో చెప్పాడు.

“అప్పుడే అనుమానం వచ్చింది, నీళ్ళ వల్లనేనేమోనని. సెప్తే మళ్ళీ ఆ నీళ్ళే ముందర పెట్టుకుంటావు. కుర్చీ పోతే పోనీ, మనిషి ఉంటే సాలనుకున్నా.”

“నా నాలిక పోయిందని నేనే నమ్మి, మల్లెపూలు పెట్టుకొని, ఊరగాయ తిన్నా. సూస్తా కూర్చున్నావా?”

“సూస్తా కూర్చున్నా. ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు.”

అమరావతి కళ్ళు తుడుచుకుంది. మాధవి అత్త భుజం మీద చేయి వేయబోయింది. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

“ఈయప్ప సేసింది తప్పే. కానీ నాది ఇంకా పెద్ద తప్పు. మూడు నెల్లు ఆ టీ నోట్లో పోసుకున్నా. అంత సురుగ్గా ఉండే టీ పుంగనూరు నీళ్ళకి రాదని నాకు తెలియాల. ఆకు బాగుందని మురిసిపోయి, అస్సాం పొడి సగానికి తగ్గించేసినా. నాలిక సరిగ్గానే సెప్పింది, వినాల్సిన నేను వినలేదు. ఆ మునిచంద్ర పాలు మార్చుకున్నాడు, సక్కెర మార్చుకున్నాడు, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.”

అక్కడ ఎవరూ ఆమెను ఆ లెక్కన తప్పు పట్టలేదు. తన పనిని అంత నిక్కచ్చిగా తూచుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు? జయచంద్ర చప్పున వంగి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏం అనాలో తోచక ఆమె పాదం పట్టుకున్నాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి, “లే, పనుండాది,” అంది.

పని నిజంగానే ఉంది. సీసాలో ఇంకా నీళ్ళున్నాయి. అస్సాం పొడిని మళ్ళీ పావు వంతుకు పెంచి మాధవి కొత్త మిశ్రమం కలిపింది. ఆ నీళ్ళే మరిగించి పోసింది. అమరావతి కుర్చీ లాక్కుని కూర్చుని, చెంచా చేతిలోకి తీసుకుంది.

అప్పుడు వరదరాజులు గదిలోకి వచ్చాడు. మూల ఉన్న ఇత్తడి ఉమ్మితొట్టిని రెండు చేతులా ఎత్తి, భార్య ముఖం ముందు పట్టుకుని నిలబడ్డాడు.

“అడ్డం లే,” అంది ఆమె.

“లేను.”

జుర్రుమన్న చప్పుడు గదంతా వినిపించింది. ఆమె కళ్ళు మూసుకుంది. బుగ్గలు ఇటూ అటూ కదిలాయి. వరదరాజులు తొట్టిని ఇంకాస్త దగ్గరికి జరిపాడు. ఆమె ఉమ్మింది. ఆయన ఊపిరి వదిలాడు.

“రంగు తెలిసింది. బరువు తెలిసింది. బాగుండాది, పావు వంతు సరిపోతాది,” అంది అమరావతి. కానీ గొంతులో నమ్మకం లేదు. “గొంతు సంగతి తెలీలేదు. మాధవీ, నువ్వు ఒక్క గుటక మింగి సెప్పు.”

మాధవి మింగింది. ఆమె చూపు కిటికీ మీద నిలిచింది. తొందరపడలేదు. అత్త నేర్పినట్టే, రుచి పూర్తిగా పోయేదాకా ఆగింది.

“ముందర బాగుండాది. దిగినాక నాలిక వెనకాల ఖాళీగా ఉండాది అత్తా. పావు వంతు సాలదు. ఇంకో పిడికెడు అస్సాం పడాల.”

“సాలదా?”

“సాలదు.”

రుచి విషయంలో, నాలుగేళ్ళలో, కోడలు ఆమె మాటకు ఎదురు మాట చెప్పడం అదే మొదటిసారి. అమరావతికి కోపం రాలేదు. ఒక క్షణం ఆమె ముఖం వెలిగింది కూడా. మరుక్షణమే సందేహం వచ్చి కూర్చుంది. ఎవరిది ఒప్పు? పుంగనూరులో పన్నెండు అంగళ్ళు, కుప్పం పోయే వ్యాను, ముప్పై ఒక్క ఏళ్ళ పేరు, అన్నీ ఆ పిడికెడు పొడి దగ్గర ఆగాయి. తేలాలంటే ఒక్కటే దారి ఉంది, తనే మింగి చూడాలి.

వీధిలో కారు ఆగింది. జయచంద్ర కిటికీలోంచి చూశాడు.

“కంపెనీ ఆయన వచ్చేసినాడమ్మా. ఏం సెప్పమంటావు?”

“లోపలికి పిలు. కూర్చోబెట్టు. వాళ్ళ పాకెట్టు యా ఊరి నీళ్ళతో రుచి సూసినారో అడుగు. ఆయన జవాబు సెప్పేలోగా నా పని అయిపోతాది.”

జయచంద్ర వెళ్ళాడు. అమరావతి చెంచా పక్కన పెట్టేసింది. ఈసారి కప్పునే రెండు చేతులతో ఎత్తుకుంది.

“అమరా,” అన్నాడు వరదరాజులు.

ఆమె పలకలేదు. కప్పు పెదాలకు ఆనింది. ఆయన ఉమ్మితొట్టిని ఆమె గడ్డం కిందికి జరిపాడు. ఆయన ఆమె గొంతు వైపే చూస్తున్నాడు.